ఆశన్న కందీళ్లకు డప్పు ఖర్చెంత?

మా పెదనాన్న ఆశన్నకు లెక్కలు రావని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. వచ్చు! కాకపోతే తలకిందులుగా వచ్చు.

నిజాంసాగర్ కాలువ పారడం మొదలైన నాలుగైదేళ్లకు ఆయన పటేల్ దగ్గర జీతం మానేసి, బాన్సువాడలో కందీళ్ల దుకాణం, అదే గాజు చిమ్నీ లాంతర్ల దుకాణం, పెట్టాడు. సరుకు నలభై కందీళ్లు. ఉగాదిలోగా అమ్ముడుపోకపోతే మళ్లీ పటేల్ ఇంట్లో ఏడాది జీతానికి కుదరాలి. జీతగాళ్లను మాట్లాడుకునేది ఆ పండుగకే మరి.

అంగడి రోజున డప్పు కొట్టించి చాటించడానికి ఆయనకో నియమం: అమ్మిన రూపాయికి ఒక అణా. మొదటి వారం మూడు కందీళ్లు పోయాయి, డప్పు ఊరంతా మోగింది. రెండో వారం ఒకటే పోయింది, డప్పు సగం వీధికే ఆగింది. మూడో వారం ఒక్కటీ పోలేదు. ఇక డప్పెక్కడిది?

"అమ్మితెనే డప్పు కొట్టిస్తవా? డప్పు కొడితెనే గద అమ్మేది! గీ ఉపాయం ఎవలు చెప్పిండ్రయ్యా నీకు?" అని పెద్దమ్మ పోసవ్వ పకపకా నవ్వింది.

పెదనాన్నకు రోషం వచ్చింది. ఎదురు దుకాణం వెంకట్రావు గ్రామఫోను పెట్టించాడు కదా, తనూ అంత ఖర్చూ పెట్టాల్సిందేనని పంతం పట్టి సన్నాయి మేళం తెప్పించాడు. అబ్బో, ఏం జనం! పాట విన్నారు, తలలూపారు, పక్క కొట్లో బెల్లం కొనుక్కుని పోయారు. ఉగాది ఇంకా నెల రోజులే.

"ఇగ నాతోని గాదు," అని కూలబడ్డాడు.

"ఎంత పెట్టాలె అని ముంగలనే అడుగుతవేంది? కందీలు ఎవలకు కావాలె, గాళ్లకు ఎట్ల తెలువాలె, గది చూడు. ఖర్చు ఎనుక చూద్దాం," అంది పెద్దమ్మ.

ఎవరికి? రాత్రిపూట కాలువ నీటి వంతు వచ్చే చెరుకు రైతులకు! గాలికి దివిటీలు ఆరిపోయి తిట్టుకునేది వాళ్లే. వాళ్లందరి గట్ల మీదా తిరిగేది నీళ్లు పంచే నీరటికాడు.

"మూడూళ్ల నీరటోళ్లకు మూడు కందీళ్లు ఉత్తగనే ఇయ్యి. గదే మన డప్పు."

ఉత్తగనే! పెదనాన్న మూడింటి ఖరీదూ వేళ్ల మీద లెక్కేశాడు. అయినా ఇచ్చాడు.

పది రోజులు తిరక్కుండా తండా నుంచి రూప్‌సింగ్ ఉరుక్కుంటూ వచ్చాడు. "అన్నా, నీరటాయన చేతిల కందీలు ఎంత గాలికైనా ఆరుతలేదే! నాకు రెండియ్యి!" ఇక ఆగుతారా జనం? బండ్లు కట్టుకుని వచ్చారు, తోసుకున్నారు, అరుచుకున్నారు. మిగిలిన ముప్పైమూడూ వారంలో ఖాళీ! పెదనాన్న కొత్త సరుకుకు చెప్పి పంపాడు.

ఉగాది ముందు రోజు పటేల్ స్వయంగా వచ్చాడు. "ఏమిరా ఆశన్నా, రేపటి సంది జీతానికి వస్తున్నవా?"

"రాను పటేలా."

పటేల్ సరుకు లేని దుకాణాన్నీ, అరుగు మీద కూర్చున్న జనాన్నీ కలయజూశాడు. "సరే తియ్. ఒక కందీలియ్యి. రేపు నా చెరుకుకు వంతున్నది."

"సరుకు బండి పొద్దుమూకె వరకు వస్తది. మీ ముంగల పదకొండు మంది ఉన్నరు. జర కూసోండ్రి."

పటేల్ అటూ ఇటూ చూశాడు. బావమరిదికో కందీలు కొనడానికి మళ్లీ వచ్చిన రూప్‌సింగ్ జరిగి చోటిచ్చాడు. పటేల్ కూర్చున్నాడు.