కీ పుస్తకంలో తప్పులు లేవు

ఒక స్నేహితుడి జవాబు కాగితాల మీద సరైన జవాబులను తప్పని కొట్టేశాను. ఒకసారి కాదు, చాలాసార్లు. ఎర్ర పెన్నుతో. ఇరవై మూడేళ్లుగా ఈ మాట నాలోనే ఉంది. భార్యకు చెప్పలేదు. ఏది చెప్పినా వినే మా అమ్మ ఉండేది, ఆమెకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. లేక మీరు రేపు బజారులో ఎదురై నన్ను పేరుపెట్టి పిలవలేరనే ధైర్యమేమో. ఏది నిజమో చెప్పలేను. ఈ విషయంలో నేను గట్టిగా చెప్పగలిగేవి చాలా తక్కువ.

వాడిని ఈరేశు అంటాను. అసలు పేరు అది కాదు. వాళ్లది ఎమ్మిగనూరులో మగ్గాల ఇల్లు. నాది బేతంచెర్ల. ముందు పొలాలుండేవి, తర్వాత మా నాయన బండలు పాలిష్ పట్టే ఫ్యాక్టరీ పెట్టాడు. కర్నూలులో డిగ్రీ మూడేళ్లూ నేనూ ఈరేశూ ఒకే బెంచీ. డిగ్రీ అయ్యాక ఇద్దరం ఎంబీఏ ప్రవేశ పరీక్ష రాద్దామనుకున్నాం. వాడు కర్నూలులోనే గది తీసుకుని పిల్లలకు ట్యూషన్లు చెప్పేవాడు. నేను ఇంటికొచ్చేశాను. నాయన నాకోసం హైదరాబాదు నుంచి ప్రాక్టీసు పేపర్ల కట్ట తెప్పించాడు. ఇరవై నాలుగు పేపర్లు, వాటితో పాటు జవాబులన్నీ ఉన్న ఒక పల్చటి కీ పుస్తకం.

ఆదివారం ఫ్యాక్టరీకి సెలవు. ఆ ఒక్కరోజు కోత మిషన్లు ఆగేవి. పొద్దున బస్సుకు ఈరేశు వచ్చేవాడు. అమ్మ పెట్టిన ఉగ్గాని, బజ్జీ తినేసి, ఇద్దరం ఫ్యాక్టరీ ఆఫీసు గదిలో కూర్చునేవాళ్లం. ఇటుకల మీద పరిచిన నల్ల బండే మా బల్ల. ఎంత తుడిచినా దాని మీద తెల్ల దుమ్ము ఉండేది. స్టేషను దగ్గర పేపరు జెరాక్సు తీయించి చెరొకటి పెట్టుకుని, గడియారం ముందుంచుకుని, రెండు గంటలు తలెత్తకుండా రాసేవాళ్లం. తప్పు జవాబుకు మార్కు కోసే పరీక్ష అది. రాయకుండా వదిలేస్తే కోత లేదు. ఇంగ్లీషుకు విడిగా కనీస మార్కు ఒకటి ఉండేది. అది దాటకపోతే మొత్తంలో ఎన్ని వచ్చినా లాభం లేదు. ఇప్పుడు ఆ పరీక్ష తీరే మారిపోయిందంటారు. అప్పుడు మాత్రం అంతే.

ఎవరి పేపరు వాళ్లు దిద్దుకుందామని మొదటి వారం నేనే అన్నాను. ఈరేశు ఒప్పుకోలేదు. వాళ్ల ఇళ్లలో ఒక పద్ధతి ఉందట. చీర మగ్గం దిగాక, అందులో పోగు తప్పిందేమో నేసినవాడు చూసుకోడు. పక్క మగ్గం ఆయన చూడాల్సిందే. నేసినవాడి కంటికి తన తప్పు ఆనదు, అలవాటు పడిపోయి ఉంటుంది. పక్కాయన తప్పుందంటే ఉన్నట్టే, వాదన ఉండదు, విప్పి సరిచేసుకోవడమే. అందుకని వాడి పేపరు నేను, నా పేపరు వాడు దిద్దాలన్నాడు. నా పేపరు దిద్దేటప్పుడు గానీ, దిద్దాక గానీ కీ పుస్తకంలో తన జవాబులు తాను చూసుకునేవాడు కాదు. చూస్తే నన్ను అనుమానించినట్టు అవుతుందనుకున్నాడో, లేక నిజంగానే అది వాడికి మనసుకు పట్టిన పద్ధతో. నేను అడగలేదు.

లెక్కల్లో వాడికి నేను ఆమడ దూరం వెనక. ఇంగ్లీషు మీడియం చదివింది నేనైనా, అందులోనూ తెలుగు మీడియం నుంచి వచ్చిన వాడివే ఒకటి రెండు మార్కులు ఎక్కువ ఉండేవి. మధ్యాహ్నం నాయన ఆఫీసు గది గుమ్మం దగ్గర నిలబడి "ఎంతొచ్చె?" అని అడిగేవాడు. ఇద్దరం చెప్పేవాళ్లం. నాయన పెద్దగా తిట్టే మనిషి కాదు. ఒకసారి మాత్రం వాడు చేతులు కడుక్కోవడానికి వెళ్లినప్పుడు, "మగ్గంకాడ పుట్టినోనికి వచ్చేది నీకేమిటికి రాదురా?" అన్నాడు. అంతే. ఆ మాట వల్లే చేశానని చెప్పుకుంటే నాకు సులువుగా ఉంటుంది. కానీ ఆ మాట ఎంతమంది కొడుకులు విని ఉంటారు? వాళ్లంతా ఎర్ర పెన్ను పట్టుకున్నారా?

మొదటిది నిజంగా పొరపాటే. దయచేసి నమ్మండి. లేకపోతే నమ్మకండి, నా మీద నాకే పూర్తిగా నమ్మకం లేదు. ఆరో పేపరో ఏడోదో. వాడి ఇంగ్లీషు జవాబులు దిద్దుతూ కీ పుస్తకంలో రెండు పేజీలు ఒకేసారి తిప్పాను. తర్వాతి పేపరు జవాబులతో పోల్చి వరసగా తప్పులు కొట్టుకుంటూ పోయాను. నలభైలో ఎప్పుడూ ఇరవై ఆరూ ఇరవై ఏడూ వచ్చేవాడికి ఆరోజు తొమ్మిది వచ్చాయి. ఈరేశు ముఖం పాలిపోయింది. వాదించలేదు. "తెలుగు మీడియం బుద్ధి ఎప్పుడో ఒకప్పుడు బయటపడాల్సిందేలేప్పా" అని నవ్వాడు. నాయన వచ్చాడు, అడిగాడు, విన్నాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చేతి మీద కూడా బండల దుమ్ము ఉంది. నా చొక్కాకు అంటుకుంది.

సాయంత్రం పుస్తకం సర్దుతుంటే పేజీ తప్పిన సంగతి కనిపించింది. వాడు అప్పటికే బస్సెక్కేశాడు. వచ్చే వారం చెబుదాం అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. ఆ వారమంతా నాయన నాతో మాట్లాడిన తీరు వేరుగా ఉంది. తరువాతి ఆదివారం వాడు వచ్చాడు. నేను చెప్పలేదు.

ఆరోజు వాడి పేపరులో నాలుగు సరైన జవాబులను తప్పని కొట్టాను. చెయ్యి వణికిందా? గుర్తులేదు. వణికిందని రాయాలని ఉంది, కానీ నిజంగా గుర్తులేదు. లెక్కల జోలికి పోలేదు, వాడు మళ్లీ చేసి చూస్తే దొరికిపోతాను. ఇంగ్లీషులో పేరాగ్రాఫు ఇచ్చి దాని భావం అడిగేవి ఉంటాయే, వాటిని పట్టుకున్నాను. ఎందుకు తప్పని వాడు అడిగితే కారణం కల్పించి చెప్పేవాణ్ని. రచయిత ఉద్దేశం అది కాదనో, ఆ మాటకు ఇక్కడ ఇంకో అర్థమనో. వాడు తలూపి నోటుబుక్కులో రాసుకునేవాడు. ఆ రాసుకోవడం ఇప్పటికీ నా కళ్ల ముందు నుంచి పోదు. అబద్ధాన్ని అంత శ్రద్ధగా, అంత గుండ్రటి అక్షరాలతో రాసుకున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఇంకో సంగతి చెబితే మీకు నా మీద ఇంకా కోపం వస్తుందో, తికమకే వస్తుందో. ఆ రోజుల్లోనే నా డిక్షనరీ వాడికి ఇచ్చేశాను. మధ్యాహ్నాలు కూర్చోబెట్టి కొత్త మాటలు నేర్పించాను. వాడికి సీటు రావాలని మనస్ఫూర్తిగా కోరుకున్నాను. పొద్దున కొట్టేయడం, మధ్యాహ్నం నేర్పించడం. రెండూ నేనే. ఒకటి నాటకమని తేలిపోతే బాగుండేది. ఎంత వెనక్కి వెళ్లి చూసినా రెండూ నిజంగానే కనిపిస్తాయి. ఇరవై నాలుగు పేపర్లూ అయిపోయేదాకా అట్లాగే జరిగింది.

పరీక్ష హైదరాబాదులో రాశాం. తిరుగు బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. ఊరు దాటాక నేనే అడిగాను.

"ఇంగ్లీషులో ఎన్ని పెట్టినావ్?"

"పదమూడు."

"నలభైకి పదమూడేనా? మిగతావి రాలేదా?"

"వచ్చినట్లే ఉండెప్పా. అదే భయమాయె."

"భయమేమిటికి?"

"నాకు కరెక్టు అనిపించేదే గదా ఎప్పుడూ తప్పు పోయేది. నువ్వు దిద్దేటప్పుడు చూస్తానే ఉంటి గదా. అనిపించిందల్లా పెట్టేసింటే కోతకు కోత. అందుకే శానా వదిలేస్తి." నా మోకాలి మీద తట్టాడు. "నువ్వు దిద్దబట్టి నా సంగతి నాకు తెలిసె. లేకుంటే గుడ్డిగా పెట్టేసి వచ్చేటోన్ని."

నేను కిటికీ వైపు తిరిగాను. చెప్పడానికి ఆ బస్సులో నాకు నాలుగున్నర గంటల టైముంది. చెప్పినా అప్పటికే పరీక్ష అయిపోయింది, ఏం లాభం అనుకున్నట్టు గుర్తు. లేదా అట్లా అనుకున్నానని తర్వాత కల్పించుకున్నానేమో.

మొత్తం మార్కుల్లో వాడు నాకంటే పైనే ఉన్నాడు. ఇంగ్లీషులో కనీస మార్కు దాటలేదు. నాకు సీటు వచ్చింది.

మళ్లీ సంవత్సరం రాయమని చాలా బతిమాలాను. "ఇది నాకు పడే పని కాదులేప్పా" అన్నాడు. ఎమ్మిగనూరు వెళ్లిపోయి కొన్నేళ్లు నేశాడు. తర్వాత ఆదోనిలో చీరల అంగడి పెట్టాడు. పెళ్లి, ఒక కూతురు, సొంత ఇల్లు. నేను ఎంబీఏ చేసి, బెంగళూరులో రెండేళ్లు ఉద్యోగం చేశాను. ఇంతలో దుమ్ముకు నాయన ఊపిరితిత్తులు పాడయ్యాయి. వెనక్కి వచ్చి అదే ఫ్యాక్టరీ, అదే ఆఫీసు గది. బండ కొయ్యడానికి ఎంబీఏ ఎందుకు? వాడి దారి మూసి నేను నడిచిన దారి తిరిగి మా గుమ్మంలోకే వచ్చింది. వాడు బాగానే ఉన్నాడు, ఆ మాటకొస్తే నాకంటే హాయిగా నిద్రపోతాడు. మరి నేను చేసిన నష్టం ఏది? ఎక్కడ ఉంది?

చాలా ఏళ్లు ఈ ప్రశ్న చాటునే దాక్కున్నాను. వాడి ఇంటి గృహప్రవేశం రోజున దాక్కోవడానికి చోటు లేకపోయింది. పూజ గది గుమ్మం ఎత్తు సరిగ్గా ఉందా అని వాడు నన్ను అడిగాడు. ఉందన్నాను. మేస్త్రీని అడిగాడు. బామ్మర్దిని అడిగాడు. అప్పటికి పదో తరగతిలో ఉన్న కూతుర్ని కూడా అడిగాడు. అప్పుడు వాడి భార్య నవ్వుతూ నాతో అంది, ఈయనకు ఏదీ తనంతట తాను తేల్చుకునేది చేతకాదన్నా, చొక్కా రంగు కూడా ఇంకొకరు బాగుండాదంటేనే తొడుక్కుంటాడు అని. అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. డిగ్రీలో వాడు అట్లా ఉండేవాడు కాదు. ఉండేవాడు కాదనే నాకు గుర్తు. ముందు నుంచే కొంచెం ఉందేమో. మగ్గం ఇంటి పద్ధతే అట్లా పెరిగిందేమో. లేక నేను అన్ని ఆదివారాలు కష్టపడి నేర్పించానేమో.

ఇప్పుడు వాడి కూతురు ఎంబీఏ పరీక్షకు చదువుతోంది. కర్నూలులో హాస్టల్లో ఉంటుంది. ఈ కాలం ప్రాక్టీసు పరీక్షలన్నీ కంప్యూటరు మీదే, రాసిన నిమిషానికి మార్కులు వాటంతటవే వస్తాయి. ఈరేశు నెల కిందట ఫోన్ చేశాడు. కంప్యూటరు తప్పని అంటుంది గానీ ఎందుకు తప్పో తెలిసేటట్లు చెప్పదట, ఇంగ్లీషు పేరాగ్రాఫుల దగ్గర పాప భయపడుతోందట, ఆదివారం ఆదివారం నా దగ్గరికి పంపిస్తాడట. "నీ కన్ను మీద నాకుండే నమ్మకం మిషను మీద లేదప్పా" అన్నాడు. కాదనలేకపోయాను. ఎట్లా కాదనాలి, ఏం చెప్పి?

పాప వస్తోంది. చురుకైన పిల్ల. నన్ను చిన్నాయనా అని పిలుస్తుంది. అదే నల్ల బండ మీద కూర్చుంటుంది. ఆమె రాసిన ప్రతి జవాబును మూడుసార్లు చూసి గాని మాట్లాడను. పోయిన ఆదివారం సంచిలోంచి ఒక కట్ట తీసింది. మగ్గం నూలు పోగుతో కట్టిన పాత కాగితాలు. వాళ్ల నాయన దాచిపెట్టినవి. ప్రశ్నల జెరాక్సులూ, జవాబు కాగితాలూ, నా ఎర్ర గీతలతో సహా. సాధనకు పనికొస్తాయని ఇచ్చాడట.

"చిన్నాయనా, ఈడ నాయన రెండు అని పెట్టినాడు. నేను ఎట్ల చదివినా రెండే వస్తాండాది. మీరేమిటికి తప్పు కొట్టినారు?"

చెప్పాల్సిన చోటు అది. అంతకంటే సులువైన చోటు దేవుడు కూడా ఇవ్వడు. నేనేమన్నానో చెప్పనా?

"పాత పుస్తకం గదమ్మా. కీలోనే తప్పు పడింటుంది" అన్నాను.

పాప సంతోషంగా పెన్ను తీసి, నా ఎర్ర గీత పక్కన నీలం టిక్కు పెట్టింది. పై మూలలో మార్కు కొట్టేసి ఒకటి కలిపి రాసింది. సాయంత్రం ఈరేశు ఫోన్. నవ్వు ఆపుకోలేకపోతున్నాడు. ఇరవై మూడేళ్లకు ఒక మార్కు కలిసిందని అంగట్లో అందరికీ చెప్పాడట. మిగతా పేపర్లు కూడా పాప చూస్తానందట, అచ్చు తప్పులు ఇంకెన్ని ఉన్నాయో అని. తర్వాత కొంచెం గొంతు తగ్గించి, "అయితే ఆ పొద్దు నాకు అనిపించింది కరెక్టేనన్నమాట" అన్నాడు. అవునన్నాను. అది అచ్చు తప్పేనని వాడు నమ్మి ఉంటాడు.

పాప తెలివైనది. నాలుగు పేపర్లు చూసేసరికి ఏ కీ పుస్తకమూ అట్లా, ఇంగ్లీషులో మాత్రమే, ఒక్క మనిషికి మాత్రమే తప్పులు వేయదని తెలుసుకుంటుంది. ఆ భయంతోనే ఇది రాస్తున్నానా? కొంత వరకు అవును. అంతా భయమేనా అంటే, కాదనే అనిపిస్తుంది. నాకు అనిపించేది ఎంతవరకు నిజమో మళ్లీ నాకు తెలియదు. ఇన్నేళ్లూ నేను ఉన్నది ఈ తికమకలోనే. వాడిని పెట్టిందీ దీంట్లోనే.

బీరువాలోంచి కీ పుస్తకం తీశాను. ఇన్నాళ్లు ఎందుకు పారేయలేదో అది కూడా తెలియదు. పేజీలు పసుపుపచ్చగా మారాయి, అచ్చు మాత్రం స్పష్టంగా ఉంది. లోపలి అట్ట మీద ఎర్ర పెన్నుతో రాశాను. ఈ పుస్తకంలో ఒక్క తప్పు కూడా లేదు, దిద్దింది నేను అని. వాడు క్షమిస్తాడా, ఫోన్ చేస్తాడా, పాపను పంపడం మానేస్తాడా, ఏమీ ఊహించలేకపోయాను. గుండె మీద బరువు దిగిందని చెప్పను. ఊపిరి మాత్రం కొంచెం కిందిదాకా పోతోంది.

రేపు ఆదివారం. మిషన్లు ఆగి ఉంటాయి. పుస్తకాన్ని బండ మీద, పాప కూర్చునే వైపు పెట్టాను. మీకు నా పేరు చెప్పలేదు. అట్ట మీద రాసిన ఆ మాట కింద మాత్రం ఇంటిపేరుతో సహా రాశాను.