హర్ ఐస్ ఆర్ రొటేటింగ్

ఆ ఆదివారం మధ్యాహ్నం ఐస్ రింక్ నుంచి నగర శివారు క్లైడ్ నార్త్‌లోని మా ఇంటికి కారులో వస్తున్నాం. పక్క సీటులో మా అమ్మాయి కీర్తన కళ్ళు మూసుకుని కూర్చుంది. అప్పుడు తను యూనివర్సిటీలో రెండో ఏడాది, అక్కడి ఐస్ హాకీ జట్టులో ఫార్వర్డ్. మూడు వారాల్లో రాష్ట్ర జట్టుకు ఎంపిక ట్రయల్. ఆ రోజు ప్రాక్టీస్ మ్యాచ్‌లో ఎవరో గుద్దితే రింక్ గోడకు తల కొట్టుకుంది. బాగానే ఉన్నానని కోచ్‌కు చెప్పి మిగతా ఆట కూడా ఆడింది.

"నాన్నా, కొంచెం స్లోగా పో. కళ్ళు తిరుగుతున్నాయి."

"పొద్దున ఇడ్లీ తినమంటే తిన్నావా? తిరక్కేం చేస్తాయి?" అన్నాను.

ఇంటికెళ్ళాక వాళ్ళమ్మ నిమ్మకాయ నీళ్ళు ఇచ్చింది. మా గుంటూరు వైద్యం అంతవరకే.

మర్నాటికీ తగ్గకపోతే జీపీ దగ్గరికి, అంటే మా ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికి, తీసుకెళ్ళాను. ఇరవై ఏళ్ళుగా ఈ దేశంలో ఇంజనీరుగా వెలగబెడుతున్నాను కదా, అమ్మాయి నోరు తెరవకముందే నేను అందుకున్నాను. "డాక్టర్, హర్ ఐస్ ఆర్ రొటేటింగ్."

కళ్ళు తిరగడానికి డిజ్జీ అనే మాట నాకు తెలియక కాదు. సమయానికి నోటికి రాలేదు. ఆయన టార్చి వేసి కళ్ళు చూశాడు. చూపు మసకగా ఉందా అని అడిగాడు.

"యా, కొంచెం. టూ మచ్ స్క్రీన్, ఐ థింక్," అంది కీర్తన.

హాకీ మాట తను ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఎత్తితే ట్రయల్ పోతుందని నాకూ తెలుసు.

కళ్ళ పరీక్షకు పంపారు. కళ్ళు పర్ఫెక్ట్ అన్నారు. సంబరపడిపోయాం.

కీర్తన ట్రయల్‌కు వెళ్ళింది. అక్కడ తగిలిన దెబ్బ పెద్దదేం కాదు. ఎవరిదో భుజం తగిలి పడింది, లేచింది, వాంతి చేసుకుంది. "స్కోరెంత నాన్నా?" అని నన్ను నాలుగుసార్లు అడిగింది. ఎమర్జెన్సీలో సీటీ స్కాన్ నార్మల్ అన్నారు. ప్రభువుకు స్తోత్రం చెప్పుకున్నాను.

తర్వాత, తలకు దెబ్బ తగిలి మెదడు అదిరినవాళ్ళను చూసే కంకషన్ క్లినిక్‌లో డాక్టరమ్మ ఆ సంతోషం కాస్తా తీసేసింది. "సీటీ నార్మల్ అంటే బ్లీడింగ్ లేదని. మెదడు బాగుందని కాదు. మొదటి కంకషన్ మానకముందే రెండోది తగిలింది. మొదటిసారి డిజ్జీగా ఉందా?"

"ఉంది. జీపీకి చెప్పాను కూడా!" అని గొంతు పెంచాను. ఆమె స్క్రీన్ నా వైపు తిప్పింది. జీపీ నోట్‌లో కంటి సమస్య అని రాసి ఉంది.

ఆ సెమిస్టర్ పోయింది. వెలుతురు పడదు, శబ్దం పడదు. మా ఆవిడ చట్నీ కోసం మిక్సీ గరాజ్‌లో పెట్టుకునేది. కళ్ళు తిరగడం తగ్గడానికి వెస్టిబ్యులర్ ఫిజియో అని, బొటనవేలిని చూస్తూ తల అటూ ఇటూ తిప్పే వ్యాయామం ఇచ్చారు. నాలుగో నెలలో బాగుందనుకుని మాకు చెప్పకుండా రింక్‌కు వెళ్ళి పది నిమిషాలు స్కేటింగ్ చేసింది. మళ్ళీ మొదటికొచ్చింది.

"నో కాంటాక్ట్ స్పోర్ట్. ఎప్పటికీ," అంది డాక్టరమ్మ.

తిరిగి వస్తూ కారులో కీర్తన చెప్పింది. "రొటేటింగ్ అన్నావు చూడు, నువ్వేం చెప్తున్నావో నాకు అర్థమైంది. కావాలనే కరెక్ట్ చెయ్యలేదు, నాన్నా. డిజ్జీ అంటే ట్రయల్ పోయేది."

"అప్పుడే చెప్పి ఏడవొచ్చుగా!" అని అరిచాను. తను రెండు చెవులూ మూసుకుంది.

ఇప్పుడు సగం సబ్జెక్టులే చదువుతోంది, ఒక్కో గంట చొప్పున. హాకీ బ్యాగు గరాజ్‌లో ఉంది, తియ్యనివ్వదు. "పోన్లెండి, ఇక చదువు మీద దృష్టి పెడుతుంది," అని చర్చిలో ఒక అంకుల్ ఓదార్చాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మీ పిల్లల తలకు దెబ్బ తగిలితే డాక్టర్ దగ్గర మొదట ఆ సంగతే చెప్పండి. కళ్ళు తిరగడాన్ని ఇంగ్లీషులో ఏమంటారో తర్వాత వెతుక్కోవచ్చు. తలకు దెబ్బ తగిలిందని చెప్పడానికి సరిపడా ఇంగ్లీషు ఆ రోజు నాకు వచ్చు.