తాతయ్య పేరు మీద పూత మందు

నా చిన్నప్పుడు మా ఊరు గడ్‌చాందూర్ వెళ్లే బస్సు వేళకు వచ్చిన రోజు ఒక్కటీ గుర్తులేదు. ఇప్పుడూ రాదు, ఆ ఒక్క ఆచారం చెక్కుచెదరలేదు. ఆ రోజు వచ్చి ఉంటే నాకు ఇంత సిగ్గు మిగిలేది కాదు.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. మూత్రం వచ్చే చోట ముందు చర్మం బిగుసుకుపోయి, వెళితే మంట. ఎవరికైనా చెబితే కోసేస్తారని, నీళ్లు తాగడం మానేసి నా వైద్యం నేనే చేసుకున్నాను. చివరికి మా తాతయ్య పసిగట్టి చంద్రపూర్ తీసుకెళ్లాడు. డాక్టరు చూసి, కోత అక్కర్లేదు, కొన్ని వారాలు రోజూ పూత మందు రాస్తే చర్మం మెత్తబడుతుంది, బలవంతంగా మాత్రం లాగొద్దు అన్నాడు. అంతటి అందగాణ్ణి నేను అంతవరకు చూడలేదు.

ఆ సంతోషంలో మందు ట్యూబు నేనే పట్టుకున్నాను. చంద్రపూర్ బస్టాండులో మా బస్సు లేదు గానీ, సరుకుకు వచ్చిన మా ఊరి బజారు సగం ఉంది. మా దుకాణదారులు ఎదురుపడితే క్షేమం అడగరు, చేతిలో ఏముందో అడుగుతారు. మా కిరాణా పక్కనే బట్టల దుకాణం నడిపే పెద్దమనిషి ఆగాడు.

“ఏంది పోరగా, ఆ మందెవరిది? ఏడ రాస్తరు?”

“తాతది,” అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. ఎక్కడ రాయాలో కూడా చెప్పాను.

తాతయ్య నా వంక చూడలేదు. ధోవతి సర్దుకుని, “అవ్ సేఠ్, నాదే. కోసుడు లేదట, పూసుడే. మెల్లగ తగ్గుతదట,” అన్నాడు.

మర్నాటి నుంచి బజారంతా పరామర్శకు వచ్చింది. ఒకరు వేపాకు తెచ్చారు, ఒకరు కొబ్బరినూనె. గల్లా ముందు కూర్చుని తాతయ్య అందరికీ అదే మాట ఓపిగ్గా చెప్పేవాడు. వెనక బియ్యం బస్తాల మీద కూర్చుని నేను వినేవాణ్ణి. అది నాకే చెబుతున్నాడని తెలియడానికి కొన్నాళ్లు పట్టింది. రోజూ స్నానమయ్యాక భయపడకుండా మందు రాసుకున్నాను. వారాల్లో నాకు తగ్గింది. తాతయ్యకు మాత్రం తగ్గలేదు; బజారు అంటించిన జబ్బుకు మందు లేదు.

నిజం చెప్పడానికి నాకు చాలా ఏళ్లు దొరికాయి. కాలేజీ చదువు కూడా దొరికింది. నోరు మాత్రం పెగల్లేదు. ఇప్పటికీ ఎవరి చేతిలోనైనా మందు కనిపిస్తే ఎవరిదని అడగను, తల తిప్పుకుంటాను. ఆయన దగ్గర నేర్చుకున్నది అంతే. అదీ సగమే.

ఆయన పోయిన పదో రోజున ఆ బట్టల దుకాణం పెద్దమనిషే పాత జబ్బు సంగతి ఎత్తితే, పంక్తిలో కూర్చున్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. గడప లోపల కూర్చున్న మా నానమ్మ అందరికీ వినబడేలా అంది:

“నవ్వు బిడ్డా, నవ్వు. నీ రోగం ఆయన మోసిండు. ఒక్కనాడన్న నాది అంటివా?”