అడవికి మట్టం పట్టిన మేస్త్రి

మనుషులు జీవితంలో గాజు గిన్నెలు పగలగొడతారు, తప్పు రైలెక్కుతారు, పెళ్లిచూపులకు పోయి పెళ్లికూతురి చెల్లెల్ని చూసి తలూపుతారు. అవీ ఒక తప్పులేనా? నేను రెండెకరాల సర్కారు అడవిని చేజేతులా మాయం చేశాను. నరికి అమ్ముకున్న దొంగనైతే ఆ లెక్క వేరు. అడవిని బాగుచెయ్యమని నన్ను పిలిచి మరీ పని అప్పజెప్పారు. ఎలా బాగుచేశానో చెబుతాను, మీరు నవ్వుకోండి. నలభై ఏళ్లయినా నాకు మాత్రం ఇంకా నవ్వు రావడం లేదు.

ఎనభైల్లో సంగతి. మాది కామాటిపురాలో ఆరో గల్లీ చాల్, పది బై పన్నెండు గదిలో ఏడుగురం. మా తాతలు పాలమూరు నుంచి వచ్చి ఈ బొంబాయికి రాళ్లు మోసినవాళ్లు. నాయిన మేస్త్రి. మా ఇంట్లో పునాది, గోడ, మట్టం తప్ప వేరే ముచ్చట ఉండేది కాదు. నాకప్పుడు పందొమ్మిదేళ్లు. పని చెయ్యడం రాకపోయినా చేయించడం బ్రహ్మాండంగా వచ్చని నా గట్టి నమ్మకం.

బోరివలి అవతల కొండల కింద ఫారెస్టు ఆఫీసుకు నాయిన ఒక ప్రహరీ గోడ కట్టాడు. అక్కడి ఫారెస్టరు కదం సాహెబుకు ఆ గోడ ఎంత నచ్చిందంటే, "నీకు కొడుకున్నాడా?" అని అడిగాడు. గోడను చూసి కొడుకును అంచనా కట్టాడు, పాపం! "ఒక తుకడా అడవి ఉంది, రెండెకరాల ముక్క. నేను చెప్పినట్టు బాగుచేసి చూపిస్తే, గార్డు పోస్టుకు మీవాడి పేరు రాసి పంపుతాను" అన్నాడు.

ఫారెస్టు గార్డు! మూడు తరాల్లో మా ఇంట సర్కారు జీతం తిన్నవాడు లేడు. ఆ వారమంతా నాయిన గల్లీలో కనపడ్డవాడికల్లా చాయ్ తాగించి, "మా నర్సింలు ఇగ సర్కారు మనిషి" అని చెప్పుకున్నాడు. పోస్టు ఇంకా రాలేదని గుర్తుచేసే ధైర్యం నాకు లేకపోయింది.

కదం సాహెబు నన్ను ఆ తుకడా ముందు నిలబెట్టి అంతా విడమరిచి చెప్పాడు. చెప్పింది మరాఠీలోనే. నాకు మరాఠీ తెలుగుకన్నా బాగా వచ్చు కాబట్టి భాష మీదికి నెట్టేసే దారి కూడా లేదు.

"ఈ ఘాణేరి కంప చూడు. పరాయి మొక్క. తన కింద దేన్నీ బతకనివ్వదు. ఎండాకాలం దీనికి నిప్పంటుకుంటే కొండంతా పోతుంది. దీన్ని కొట్టి, పలచగా పరిచి ఎండనివ్వు. టేకు, మోదుగు పిలకలను ముట్టుకోకు. ఎండుగడ్డి ఉండనివ్వు. నెలకు నేనొచ్చి పొద్దున్నే మంచుతడి ఉండగా, గాలికి ఎదురుగా చిన్న నిప్పు పెడతాను. నిప్పు నడవాలి, ఉరకకూడదు. కంప పీడ పోతే వానలకు అసలు అడవి లేస్తుంది. అర్థమైందా?"

"హో సాహెబ్" అన్నాను. నిజం చెప్పాలంటే ఆయన "కొట్టి" అన్న దగ్గరే నా చెవులు పని ముగించుకున్నాయి. మిగతాదంతా, గార్డు టోపీ నాకు ఏ పక్కకు వంచితే బాగుంటుందో చూసుకుంటూ విన్నాను.

నాగ్‌పాడా నాకా కూడలిలో పొద్దున్నే పని కోసం నిలబడే పాలమూరు కూలీలను పన్నెండు మందిని తీసుకుపోయాను. ఫుట్‌పాత్ మీద తాడ్పత్రి కట్టుకొని బతికే మనుషులు. వాళ్లకు పెద్ద యాదమ్మ, మా అమ్మ ఈడుది. గొడ్డలి చేతికి తీసుకోగానే అడగవలసిన మాట అడిగింది.

"మేస్త్రి, ఏది కొట్టాలె, ఏది ఇడ్వాలె?"

"ఇడ్సుడేంది? అన్నీ కొట్టు."

"గీ మోదుగు పిలకలు గూడనా? ఊర్ల మేం గట్లు కాలవెట్టినా మోదుగును ఇడుస్తం కొడకా. ఇస్తార్లకు అక్కరకొస్తది."

"గీడ ఇస్తార్లల్ల తినెటోళ్లు ఎవ్వలున్నరు? మేస్త్రివి నువ్వా, నేనా?"

"నువ్వే" అని గొడ్డలి ఎత్తింది.

మీరు నన్ను మూర్ఖుడనుకుంటున్నారు. అనుకోండి, తప్పులేదు. కాని మా ఇంట్లో జాగా సాఫ్ చెయ్యడమంటే ఒకటే అర్థం. వేర్లతో సహా పెకలించాలి, గుంతలు పూడ్చాలి, నీళ్లు చల్లి దిమ్మిసతో గట్టిగా కొట్టాలి. వేరు మిగిలితే రేపు గోడ పగులుతుందని నాయిన నాకు ఊహ తెలిసినప్పటి నుంచి చెబుతున్నాడు. అడవిలో ఏ గోడ అని మీరడుగుతారు. నేను అడగలేదు. కొట్టిన కంపనంతా తీసి తుకడా అవతల కుప్పలు పోయించాను.

ఆదివారం నాయిన గ్రాంట్ రోడ్‌లో లోకల్ ఎక్కి నా పని చూడవచ్చాడు. వస్తూ వస్తూ దారం ఉండ, మట్టం చూసే నీళ్ల పైపు తెచ్చాడు. తండ్రీకొడుకులం చెరో కొస పట్టుకొని అడవికి మట్టం చూశాం.

"తూర్పు మూలకు రెండంగుళాలు దిగువున్నది రా."

"నింపిస్త నాయినా."

నింపించాను. నాలుగు పక్కలా సున్నం గీత కూడా గీయించాను. నాయిన అటు నుంచి ఇటు నడిచి, మడమతో నేలను తన్ని చూసి, కళ్లు తుడుచుకున్నాడు. "ఇసొంటి పని నేను గూడ చెయ్యలేరా" అన్నాడు. ఆయన నన్ను మెచ్చుకోవడం నేను విన్నది ఆ ఒక్కసారే.

నెల తిరిగేసరికి కదం సాహెబు వచ్చాడు. వెంట నలుగురు వాచర్లు, కిరోసిన్ డబ్బా, కాగడాలు, నిప్పు అదుపు తప్పితే కొట్టడానికి తడి గోనెసంచులు. పొద్దున్నే మంచు, గాలి, అన్నీ ఆయన కోరుకున్నట్టే కుదిరాయి.

"తుకడా ఏది?"

"ఇదే సాహెబ్."

"ఇది కాదు. నేను చూపించింది."

"ఇదే సాహెబ్. గీత చూడండి, ఎంత సూటిగా ఉందో."

"పిలకలు?"

"వేర్లతో సహా తీయించాను."

"గడ్డి?"

"ఒక్క పోచ ఉంటే చూపించండి సాహెబ్!"

ఆయన వంగి వేలి ముడితో నేలను కొట్టాడు. ఠక్ ఠక్ మంది. ఒక వాచరు కిసుక్కున నవ్వి, సాహెబు మొహం చూసి ఆపేశాడు.

"ఇప్పుడు నేను దేనికి నిప్పు పెట్టాలి? నీకా? జుట్టు కత్తిరించమంటే గుండు కొట్టావు కదరా! గుండు మీదైనా మళ్లీ వెంట్రుకలు మొలుస్తాయి" అని కిరోసిన్ డబ్బా మీద కూలబడ్డాడు. "నిప్పు పెడితే అడవి బాగుపడుతుందని పైవాళ్లను ఒప్పించడానికి నాకు ఆరేళ్లు పట్టింది" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. అప్పుడు, అంత ఆలస్యంగా, నాకు సిగ్గేసింది. నేలలోకి దిగిపోదామనిపించింది గాని నేల దిమ్మిస కొట్టి ఉంది.

పోతూ పోతూ ఆయనే ఇంకొక అవకాశం ఇచ్చాడు. "నేల గుల్ల చేయించు. వానల దాకా ఎవరినీ అడుగు పెట్టనివ్వకు. నాలుగు మొలకలు లేచినా నీ పేరు పంపుతాను."

ఇంటికి చేరి సిగ్గుతోనో ఎండతోనో నాలుగు రోజులు జ్వరంతో పడుకున్నాను. ఐదో రోజు పొద్దున్న పోయి చూద్దును కదా, నా సున్నం గీతల మధ్య తొమ్మిది గుడిసెలు! నేను కుప్ప పోయించిన కంపనే దడులుగా అల్లారు. మొదటి గుడిసె ముందు యాదమ్మ పొయ్యి ఊదుతోంది.

"రా మేస్త్రి, చాయ్ తాగు."

"గిదేంది యాదమ్మక్కా! గిది సర్కారు అడివి!"

"అడివి ఏడున్నది కొడకా? నువ్వే గదా సాపు చేపిచ్చినవు. గింత మట్టంగున్న జాగ బొంబైల ఖాళిగ ఎవ్వడన్న ఇడుస్తడా? మేం గాకుంటె ఇంకోలు ఒస్తుండె."

"నా నౌకరి పోతదక్కా."

"నీకు పండెతందుకు చాల్‌ల అర్రన్న ఉన్నది. మాకు గదిగూడ లేదు."

ఆమె ఇచ్చిన గ్లాసు అందుకొని పొయ్యి పక్కన కూర్చున్నాను. చాయ్ తాగాను. "నీ కష్టం మేం మర్శిపోలే" అంటూ ఆమె నన్ను గుడిసెల ముందుకు తీసుకుపోయింది. అక్కడ వెదురు బొంగుకు కొత్త రేకు బోర్డు. పెద్ద పెద్ద మరాఠీ అక్షరాల్లో, నీలం రంగులో: "నర్సింలు మేస్త్రి నగర్".

కాళ్లు పట్టుకున్నంత పని చేశాను, తీసెయ్యమని. "పేరు పెట్టినంక తీస్తె మంచిగుండదు" అంది యాదమ్మ.

మూడో రోజు కదం సాహెబు వచ్చి ఆ బోర్డును అక్షరం అక్షరం పైకి చదివాడు. తిట్టి ఉంటే బాగుండేది. నా వైపు చూడకుండా జీపెక్కాడు. వారానికి లారీ వచ్చింది, గుడిసెలు కూల్చారు. యాదమ్మ గిన్నెలు మూట కట్టి నెత్తిన పెట్టుకొని, నా దగ్గర ఆగి, "నీ పని మంచిగనే ఉండె మేస్త్రి. మా నసీబే గింతే" అని వెళ్లిపోయింది. ఆమె తిట్టినా బాగుండేది.

చివరికి ఒక వాచరు గునపం పట్టుకొని బోర్డు వైపు నడిచాడు. కదం సాహెబు చెయ్యెత్తి ఆపాడు.

"దాన్ని ముట్టుకోకు. రేపు పైనుంచి ఎవరైనా వచ్చి ఇక్కడి అడవి ఏమైందని అడిగితే, నేను నోటితో చెప్పలేను. చదువుకుంటారు."

వానలొచ్చాయి. మా దిమ్మిస దెబ్బకు లోపల ఒక్క మొలక లేవలేదు. బయట కొట్టని కంప నాలుగు పక్కల నుంచీ గీత దాటి లోపలికి వచ్చింది. పోస్టు ఇంకెవరికో పోయింది. నాయిన రెండు నెలలు నాతో మాట్లాడలేదు. ఉన్న అడవి పోయి, లేని ఊరు లేచి, అదీ పోయి, రెండెకరాల నేల మీద నా పేరొక్కటే నిలబడింది.

అందుకని పాఠకులారా, మీ సాక్షిగా కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ప్రభుత్వం వారు ఏ అడవిని అప్పజెప్పినా సరే, అందులో ఒక్క గడ్డిపోచ కూడా పీకను. నలభై ఏళ్లుగా ఈ మాట తప్పలేదు. తప్పే అవకాశం ప్రభుత్వం వారు ఇంతవరకు ఇవ్వలేదు.