పువ్వు కంటే ముందు ముఖం

2023 చలికాలం. నరసరావుపేట బస్టాండు వెనక ఓ మేడ మీద మా ఆఫీసు. ఫోటోలకు మార్కులేయడం నా ఉద్యోగం. మానిటర్ కింద ‘ఐ ట్రాకర్’ అనే చిన్న కెమెరా ఉంటుంది. మన చూపు ఫోటోలో ఎక్కడ ఆగిందో అది పట్టుకుంటుంది. చూపు నిలిచిన చోట్లను ఎర్రగా చూపించే బొమ్మను ‘హీట్ మ్యాప్’ అంటారు. మనుషులు చూసే చోటు స్పష్టంగా ఉంటే ఫోటో బాగున్నట్టు లెక్క. ఫోటోలను వడపోసే మెషిన్‌కు మేం నేర్పేది ఇదే. పొద్దస్తమానం ఇదే పని కావడంతో, సాయంత్రానికి ఇంట్లోవాళ్ల ముఖాలు చూడాలన్నా విసుగ్గా ఉండేది.

అప్పట్లో మాకు వచ్చేవన్నీ మిరపతోటల ఫోటోలు. రైతు యాప్‌లో పెట్టిన ఫోటో బాగుందని మెషిన్ అంటేనే అది తెగుళ్ల నిపుణుడి దాకా పోతుంది.

నాదెండ్ల దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్లో కోటయ్య బాబాయి కౌలుకు మిరప వేశాడు. పూతలో నల్ల తామరపురుగు పడిందని ఆయన అనుమానం. ఎన్నిసార్లు ఫోటో పెట్టినా యాప్ బాగుందనేది, నిపుణుడేమో పువ్వు కనిపించడం లేదు, మళ్లీ తీయమనేవాడు. చివరికి బాబాయే ఫోను పట్టుకుని మా ఆఫీసు మెట్లెక్కి వచ్చాడు.

“ఏందమ్మాయ్ ఇది? మీ మిషను బాగుందంటది, ఆయన బాలేదంటాడు. అవతల పూతంతా రాలిపోతా ఉంది” అన్నాడు.

ఫోటో చూశాను. ఉతికిన తెల్లచొక్కా, నున్నగా దువ్విన తల, నడుం దగ్గర చేతిలో పూలరెమ్మ. ముఖం చక్కగా ఉంది, పువ్వు మసక. హీట్ మ్యాప్ తీస్తే ఎరుపంతా ముఖం మీదే. మా అందరి చూపూ అక్కడికే పోతుంది కాబట్టి మెషినూ అక్కడే చూసి పాస్ చేసింది. పక్కకు తప్పుకుని పువ్వొక్కటే తీయొచ్చు కదా బాబాయ్ అన్నాను, కాస్త విసుగ్గానే.

“నేను లేకపోతే అది నా చేనని ఎవరు నమ్ముతారమ్మా? కాయితాల్లో నా పేరు లేదుగా.”

మా దగ్గరికి వచ్చే ఫోటోల్లో చానామంది అలా చేలో నిటారుగా నిలబడే ఉంటారు. ఫోటో సరదా అనుకుని నవ్వుకునేవాళ్లం.

ఆదివారం వాళ్ల చేనుకు వెళ్లాను. తప్పుకోమని ఇక అడగలేదు. రెమ్మను చెంప పక్కన పెట్టుకోమని చెప్పి, దగ్గరగా వెళ్లి తీశాను. మనిషీ పువ్వూ రెండూ తేటగా వచ్చాయి. మర్నాడే నిపుణుడు పురుగును గుర్తుపట్టి మందు చెప్పాడు. కానీ అప్పటికే ఆలస్యమైంది. చేలో పై చెక్కలోని మొక్కలన్నీ పీకేశారు. కింది చెక్క మాత్రం దక్కింది. పీకిన మొక్కలు గట్టున ఎండుతుంటే చూసి ఏడుపొచ్చింది.

చేను ఫోటోల్లో ఏం చూడాలో మాకు ముందే చెప్పాలని మా సూపర్‌వైజర్ చేత పైవాళ్లకు రాయించాను. పద్ధతి మార్చడం కుదరదన్నారు.

మనిషి చూపు ఎటు పోతుందో మెషిన్‌కు బాగానే నేర్పాం. ఆ ఫోటో పంపిన మనిషి దేన్ని చూడమంటున్నాడో మాలో ఎవరమూ అడగలేదు. ఇప్పుడు మనిషున్న ఫోటో ఏది వచ్చినా నా కళ్లు ముందు చేతుల మీదికి పోతాయి. నీ చూపు మిగతావాళ్లతో కలవడం లేదు, సరిచేసుకో అని మా సూపర్‌వైజర్ అంటూనే ఉన్నాడు. సరేనంటాను, మళ్లీ చేతులే చూస్తాను.