కళాయి పెట్టించిన బ్యూగిల్

మా బడి బ్యాండులో ఆడపిల్లలకు తాళాలు, ట్రయాంగిల్ ఇచ్చేవారు. డ్రమ్ములు, బ్యూగిళ్ళు మగపిల్లలవి. అలాగని ఎక్కడా రాసిపెట్టి లేదు. ఎవరినడిగినా "ఎప్పుడూ అంతే" అనేవారు. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎనిమిదో తరగతిలో ఇంకా ఎక్కువ మండేది. ట్రయాంగిల్‌ని నాలుగుసార్లు టింగుమనిపించడానికి గంటసేపు ఎండలో నిలబడాలా అని ఒకరోజు బ్యాండ్ సార్‌ని మొహాన్నే అడిగేశాను.

సార్ మిలిటరీలో ఇరవై ఏళ్ళు బ్యూగిల్ ఊది రిటైరైన మనిషి. మా బడికి వారానికి మూడు రోజులు వచ్చేవారు, ఆదివారాలు వాళ్ళ చర్చిలో పిల్లలకు పాటలు నేర్పేవారు. తిడతారనుకున్నాను. ఆయన పక్కనున్న కుర్రాడి చేతిలోంచి బ్యూగిల్ తీసుకుని, చొక్కా అంచుతో దాని ఊదే కొస తుడిచి, "ఊదు, చూస్త" అన్నారు. మొదటిసారి గాలి తప్ప ఏమీ రాలేదు. రెండోసారి గేదె అరిచినట్టు వచ్చింది, లైన్లో ఉన్నవాళ్ళంతా పడీపడీ నవ్వారు. ఆ కోపంతో మూడోసారి ఊదితే నిజంగానే పలికింది.

"ఊపిరి ఉన్నది," అన్నారు సార్. అంతకంటే మెచ్చుకోవడం ఆయనకు రాదు.

బడిలో ఉన్నవి మూడే బ్యూగిళ్ళు. నాలుగోది కొనమని అడిగితే, ఈ ఏడాది కంప్యూటర్లు కొంటున్నాం, బ్యాండుకు ఇంకేమీ కొనేది లేదని హెడ్ మేడమ్ తేల్చేశారు. అప్పుడు మా చుట్టుపక్కల అందరికీ కంప్యూటర్ల పూనకం పట్టి ఉంది. మాదాపూర్ వైపు అద్దాల మేడలు లేస్తున్నాయని పెద్దవాళ్ళు పనిమాలా వెళ్ళి చూసి వచ్చేవారు. సార్ మరుసటి వారం ఒక పాత ఖాకీ సంచీ తెచ్చి, అందులోంచి తన సొంత బ్యూగిల్ తీసి నా చేతిలో పెట్టారు.

సర్వీసులో ఉన్నన్నాళ్ళూ ఆయన ఊదింది అదే. ముందు పళ్ళు పోయి కట్టుడు పళ్ళు పెట్టించుకున్నాక ఇక ఊదలేకపోయారట. పెదవుల వెనక గట్టి పళ్ళు లేకపోతే బ్యూగిల్ పలకదు.

"దీని గొంతు విని మూడేండ్లాయె," అన్నారు. "పంద్రాగస్టుకు నువ్వు దీంతోనే ఊదాలె. జర పైలంగ చూసుకో బిడ్డ."

ఆ నెల రోజులూ నేను ఊదుతుంటే ఆయన నాకు ఎదురుగా నిలబడి తానూ పెదవులు బిగించేవారు. నేను ఊపిరి పీల్చినప్పుడు పీల్చేవారు, నా బుగ్గలు ఉబ్బినప్పుడు ఆయన బుగ్గలూ ఉబ్బేవి. చూస్తే నవ్వొచ్చేది. నవ్వితే స్వరం తప్పుతుంది కాబట్టి ఊదేటప్పుడు ఆయన వంక చూడటం మానేశాను.

మా ఇల్లు గోపన్‌పల్లి వైపు. నాన్న ఉద్యోగం కోసం కాకినాడ నుంచి వచ్చి కిరాయికి దిగిన మేడ మీద వాటా. ఇంట్లో ఊదితే చుట్టూ ఉన్నవాళ్ళు ఊరుకోలేదు. ఒకావిడ పాపం చాలా మర్యాదగా, మీ అమ్మాయికి వీణ నేర్పించవచ్చు కదండీ అని అమ్మతో అంది. అందుకని సాయంత్రాలు ఇంటి వెనక బండరాళ్ళ మధ్యకు పోయి ఊదేదాన్ని. అక్కడ కూడా నిమ్మళం లేదు. ఎవరో మేడ కట్టడానికి రాళ్ళు పేలుస్తుండేవారు. పేల్చే ముందు ఒకతను ఈల ఊది ఎర్రగుడ్డ ఊపేవాడు. ఈల వినగానే పరుగెత్తాలి, అది ఇంట్లో షరతు.

పంద్రాగస్టు ఇంకా పది రోజులుందనగా ఒక సాయంత్రం ఈల వినిపించింది. పరుగెత్తాను. వానకు నానిన బండ మీద కాలు జారింది. నాకు మోకాలు చెక్కుకుపోయింది. బ్యూగిల్ రాళ్ళ మీద దొర్లుకుంటూ పోయి కింద పడింది. తీసి చూస్తే దాని వెడల్పాటి మూతి ఒకపక్క లోపలికి నొక్కుకుపోయి ఉంది. మోకాలి సంగతి ఇంటికెళ్ళాక అమ్మమ్మ చూసి చెప్పేదాకా నాకు తెలియదు.

అమ్మకు చెబితే తిడుతుంది. నాన్నకు చెబితే బడికొచ్చి సార్‌కి క్షమాపణలు చెబుతాడు, అది ఇంకా ఘోరం. అమ్మమ్మకే చెప్పాను. అమ్మమ్మ కాకినాడ నుంచి బట్టల పెట్టె ఒకటి, ఇత్తడి సామాను రెండు మూటలు తెచ్చుకున్న మనిషి. ఇత్తడికి వచ్చే ప్రతి రోగానికీ ఆవిడకు తెలిసిన వైద్యుడు ఒక్కడే, గిన్నెలకు తగరం పూత పూసే మనిషి.

"దానికింత ఏడుపెందుకే? కళాయతను ఆదివారం వస్తాడుగా," అంది.

ఆదివారం అమ్మానాన్నలు పెళ్ళికి వెళ్ళారు. కళాయతను వచ్చి, మా గుమ్మం ముందు ఎప్పటిలాగే చిన్న గుంట తవ్వి, తిత్తి అమర్చి, బొగ్గులు రాజేశాడు. ముందు బ్యూగిల్ మూతిని చెక్క సుత్తితో నెమ్మదిగా తట్టి తట్టి గుండ్రంగా తీశాడు. దగ్గరగా చూస్తే తప్ప సొట్ట పడినట్టే తెలియలేదు. ఆనందంతో గంతులేశాను. కానీ అమ్మమ్మ దాన్ని వెలుతురుకు పట్టి లోపలికి తొంగి చూసింది.

"ఓరి నాయనో, లోపలంతా చిలుమే. దీన్నా నువ్వు నెల రోజుల నుంచి నోట్లో పెట్టుకుంటున్నావు?"

కళాయి లేని ఇత్తడి గిన్నెలో చారు కాస్తే విషమవుతుందని నమ్మే ఇల్లు మాది. మనవరాలు నోరు పెట్టే ఇత్తడికి కళాయి లేదంటే ఆవిడ ఎలా ఊరుకుంటుంది? లోపలంతా కళాయి పెట్టమని పురమాయించింది.

"ఇది వంట గిన్నె గాదమ్మా," అన్నాడు కళాయతను. "దీనికెందుకు కళాయి?"

"పిల్ల నోరు పెట్టే వస్తువయ్యా. నువ్వు పెట్టు."

అతను నా వంక చూశాడు. నేను వద్దని ఉంటే ఆగేవాడే. కళాయి పెట్టిన గిన్నెల్లాగా లోపల వెండిలా మెరుస్తుంది కదా అని నాకూ ఆశగానే ఉంది. ఊరుకున్నాను. ఇప్పుడు అమ్మమ్మ మీదికి నెట్టేస్తే తేలికే గాని, ఆ మౌనం నాది.

బ్యూగిల్‌ని నిప్పుల మీద తిప్పుతూ, తెల్లటి పొడి చల్లి, తగరం రాసి, మూతిలోకి చెయ్యి పట్టినంత మేర దూదితో రుద్దాడు. తళతళలాడింది. ఇంకాస్త లోపలికి పారించాలని తిత్తి గట్టిగా ఊదాడు. గొట్టానికి ఉన్న అతుకు కరిగి విడిపోయింది. సగం అతని పట్టకారులో ఉండిపోయింది, రెండో సగం బొగ్గుల్లో పడింది. తీసేలోపల దాని కొస కరిగి ముద్దయింది.

కళాయతను ఇంకే గిన్నే ముట్టకుండా తిత్తి విప్పుకున్నాడు. ఆ పూట అమ్మమ్మ అన్నం తినలేదు. నేను తిన్నాను. అది గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

బడిలో అబద్ధం మొదలుపెట్టాను. బ్యూగిల్ ఇంట్లో మరిచిపోయానన్నాను. రెండోసారి కూడా అదే అన్నాను.

"ఏం గాదు తీ," అన్నారు సార్. "ఇంట్ల మస్తుగ ఊదుతున్నట్టున్నవ్. మంచిదే."

తిట్టి ఉంటే నిజంగా బాగుండేది.

కింద వాటాలో బాలానగర్ వర్క్‌షాపులో వెల్డింగ్ పని చేసే అంకుల్ ఉండేవాడు. అమ్మమ్మ తానే మెట్లు దిగి వెళ్ళి, కొంగులో చుట్టిన రెండు ముక్కలూ ఆయన ముందు పెట్టింది. ఎవరి దగ్గరా చెయ్యి చాచని మనిషి. "ఎలాగైనా అతకండి నాయనా, తప్పు నాది," అంది.

ఆయన ముక్కలు అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఫికర్ జెయ్యకుండ్రి అమ్మా. గ్యాస్‌తోని అతికిస్త. గని ఈ కొస మొత్తం ఖరాబైంది. వేలెడంత కోసెయ్యాలె. ఏమన్నా ఫరక్ పడుతదా?"

ఏ ఫరకూ పడదని నేనే చెప్పాను. గొట్టం పొడవును బట్టి స్వరం ఉంటుందని నాకప్పుడేం తెలుసు?

రెండు రోజుల్లో తెచ్చి ఇచ్చాడు. అతుకు దగ్గర ఉంగరంలాంటి గీత తప్ప మచ్చ లేదు. డాబా ఎక్కి ఊదాను. ఖంగుమని పలికింది. మునుపటికంటే బాగుందనిపించింది. అమ్మమ్మ చెంపలేసుకుని దేవుడి గదిలోకి వెళ్ళింది.

మర్నాడు సార్‌కి మొత్తం చెప్పేశాను. రాళ్ళు, ఈల, కళాయి, బాలానగర్, నా అబద్ధాలు, ఏదీ దాచలేదు. ఆయన బ్యూగిల్ మూతిలోకి చూసి మొదట నవ్వారు.

"కళాయి పెట్టిచ్చిన్రా? ఇగ దీంట్ల చారు కాచుకోవచ్చు బిడ్డ."

నా గుండె మీంచి బండ దిగింది. నేనూ నవ్వాను. ఆయన ఎదురుగా నిలబడి, "ఊదు," అన్నారు. ఆ రోజు ఎందుకో ఆయన వంకే చూస్తూ ఊదాను. ఎప్పటిలాగే పెదవులు బిగించారు. నా మొదటి స్వరం రాగానే వాటిని వదిలేశారు.

ఒక కుర్రాడిని పిలిచి అదే స్వరం నాతో కలిపి ఊదమన్నారు. రెండూ కలవలేదు, నాది కాస్త హెచ్చుగా పలికి పళ్ళు పులిసినట్టనిపించింది. సార్ ఆ కుర్రాడిని లైన్లోకి పంపేశారు.

"పంద్రాగస్టు నాడు నువ్వొక్కదానివే ఊదు. వాళ్ళు ముగ్గురు ఆగుతరు," అన్నారు.

ట్రయాంగిల్ నుంచి ఏకంగా సోలోకి వచ్చాను. ఆ సంతోషం ఇంతా అంతా కాదు. పంద్రాగస్టు నాడు వాన తెరిపిచ్చింది. జెండా ఎగరేసే ముందు అందరూ నిశ్శబ్దంగా ఉంటే నేనొక్కదాన్నే ముందుకొచ్చి ఊదాను. ఒక్క స్వరం తప్పలేదు. అమ్మమ్మ వెనక వరసలో కళ్ళు తుడుచుకుంది. హెడ్ మేడమ్ భుజం తట్టారు. సార్ మాత్రం డ్రమ్ముల పక్కన పెదవులు బిగించకుండా, కదలకుండా నిలబడి ఉన్నారు. అంతా అయ్యాక ఖాకీ సంచీ నా చేతికిచ్చారు.

"ఉంచుకో బిడ్డ. ఇగ నీదే."

"నిజంగానా సార్?"

"నేనేం జేసుకుంట."

ఇల్లు చేరేదాకా నా కాళ్ళు నేల మీద లేవు. పై ఏడు బ్యాండు గదిలోకి కంప్యూటర్లు వచ్చాయి, సార్ రావడం మానేశారు. ఎక్కడుంటారో కనుక్కోవాలని కూడా నాకు తోచలేదు. ఆ బ్యూగిల్ మాత్రం ఎన్ని ఇళ్ళు మారినా నాతోనే వచ్చి, ఇప్పుడు ప్రగతి నగర్‌లో మా హాల్లో గోడకుంది. అడిగినవాళ్ళందరికీ మా సార్ ఇచ్చిన బహుమతి అని చెప్పేదాన్ని.

నిరుడు నాకు ముందు పన్ను ఒకటి తీసేశారు. నాలుగు రోజులాగి, ఎలా ఉంటుందో చూద్దామని బ్యూగిల్ దించి ఊదబోయాను. గాలి తప్ప ఏమీ రాలేదు. ఆగి, సార్ అప్పుడు చేసినట్టు ఊరికే పెదవులు బిగించి, రాళ్ళ మీద పడకముందు అది ఎలా పలికేదో మనసులో వినడానికి ప్రయత్నించాను. నెల రోజులు నా నోటితో నేను ఊదిన స్వరం. ఎంత ప్రయత్నించినా గుర్తు రాలేదు.

ఆయనకు గుర్తుంది. ఒక్క స్వరం వినగానే అది పోయిందని తెలిసింది. ఆయన నాకిచ్చింది బహుమతి కాదు. ఆ పాత గొంతు లేకుండా దాన్ని తిరిగి ఇంటికి తీసుకుపోలేకపోయారు.