కిందికి జరగని పాఠం

నా చేతులు వణుకుతాయి. చిన్నప్పుడు వచ్చిన జ్వరం ఇచ్చిపోయిన వణుకు అది. సంతకం పెట్టేసరికి చెమట పడుతుంది, చాయ్ కప్పు సగమే నింపమంటాను. కానీ మణికట్టు బల్ల అంచుకు ఆనించి మీటలు నొక్కమంటే మాత్రం ఎవరికీ తీసిపోను. తొంభైల్లో మేడ్చల్‌లో టైపు నేర్చుకున్నది అందుకే. ఆ మిషన్ మీద గట్టిగా కొడితేనే అక్షరం పడేది, వణుకుతో దానికి పని లేదు.

ఆ మీటల పుణ్యమా అని రెండు వేల సంవత్సరం తర్వాత అలియాబాద్ దగ్గర ఒక విత్తనాల కంపెనీలో కంప్యూటర్ ముందు కూర్చున్నాను. మౌస్ ముట్టుకునేవాణ్ణి కాదు. ముట్టుకుంటే తెర మీద బాణం ఈగలా తిరిగేది. అన్నీ మీటలతోనే చేసేవాణ్ణి, ఎవరికీ తేడా తెలియలేదు.

పర్మనెంట్ చేస్తామన్న ఏడాదే ఆన్‌లైన్ పాఠాలు తెచ్చారు. మందు పట్టించిన విత్తనాలతో ఎలా జాగ్రత్తగా ఉండాలో చదివి, పరీక్ష పాసైతేనే పర్మనెంట్ ఆర్డరు. తెర నడుమ చిన్న పెట్టె, అందులో పాఠం. దాన్ని అడుగు దాకా జరిపితే గానీ ‘తర్వాత’ అన్న బటన్ వెలగదు. ఒక చోటి నుంచి ఇంకో చోటికి దూకించే ట్యాబ్ మీట కొడితే కర్సర్ పెట్టెను దాటేసి ఎక్కడో కింద పడేది. బాణం మీటలు కొడితే ఏమీ కదిలేది కాదు. పైనున్న నాలుగు వరుసలు కనిపిస్తున్నాయి, ఐదో వరుస అక్కడే ఉంది, నాకు అందదు.

మా ఆఫీసులో ఆ పాఠాలు ఎవరూ చదవలేదు, అది వేరే సంగతి. చాయ్ టైంలో ఒకడు అందరి తెరలూ సర్రున కిందికి లాగేవాడు, జవాబులు గట్టిగా చెప్పుకునేవాళ్లు. నేను మాత్రం చదువుకుందామని, పెట్టె జరగడం లేదని మేనేజరుకు చెప్పాను. ఆయనే వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

“గింత దానికి పరేషాన్ ఏంది తమ్మి? నేను జరుపుత, నువ్వు చూడు.”

జరిపాడు. మొదటి వరుస నుంచి చివరి వరుసకు ఒక్క లాగుడు.

“సార్, జర ఆగుండ్రి, సదువుత.”

“సదివేదేముంది? అయిపాయె. ఇగ పరీక్ష రాయి.”

జవాబులు చెప్పేవాళ్లు ఆయన్ని చూసి నోరు మూసుకున్నారు. ప్రశ్నలన్నీ నడుమ వరుసల్లోవే. తప్పాను. ఆయన లేస్తూ అన్నాడు, “ఆడరాక మద్దెల ఓడన్నట్టున్నది నీ కత. ఇంకొక్కసారి చూస్త. గప్పుడు గూడ తప్పితే ఆర్డరు సంగతి మర్చిపో.”

అరికాలి మంట నెత్తికెక్కింది. అన్నం వడ్డించి, ముద్ద కలపకముందే విస్తరి లాగేసి, నీకు తినడం రాదంటే ఎవడు ఊరుకుంటాడు?

మరునాడు సెలవు పెట్టి, ఆ పాఠాలు తయారుచేసే ఆఫీసు పేట్ బషీరాబాద్‌లో ఉంటే అక్కడికి పోయాను. వాటిని చేసినాయన నేను చెప్పిందంతా విన్నాడు.

“ఇప్పటిదాంక ఎవ్వలు గిట్ల అడగలేదు సార్. మౌస్ అలవాటు చేసుకోండ్రి.”

ఆయన మౌస్ వైరు పీకి నా సంచిలో వేసుకున్నాను. “నీ పాఠం నువ్వు సదువు. రెండో పేజీకి పో, తిరిగిస్త.”

నవ్వుతూ మొదలుపెట్టాడు. ట్యాబ్ కొట్టాడు, బాణాలు కొట్టాడు, ఏది దొరికితే అది కొట్టాడు. నవ్వు పోయింది. ఆయన చేతులు బాగానే ఉన్నాయి, పెట్టె మాత్రం కదల్లేదు. ఈసారి నిజంగా మద్దెలే ఓడు.

మౌస్ తిరిగిచ్చాను. ట్యాబ్ కొడితే పెట్టె దగ్గర ఆగేట్టు, ఆగాక బాణం మీటలకు లోపలి పాఠం జరిగేట్టు ఏదో చిన్న మార్పు చేశాడు. పెట్టె చుట్టూ గీత వెలిగింది, ఐదో వరుస పైకొచ్చింది. నాకు తెప్పించిన చాయ్ ఇంకా వేడిగానే ఉంది. సంతోషం రావాలి, రాలేదు. ఇంత చిన్న పనికా నా నౌకరీ వేలాడింది అని కడుపు ఇంకా మండింది.

తర్వాతి వారం పాఠమంతా నా వేళ్లతో, నా నిదానంతో చదివాను. పాసయ్యాను. ఆర్డరు నా ముందు పెడుతూ మేనేజరు భుజం తట్టాడు.

“సూసినవా తమ్మి, మనసు వెడితే నీకు గూడ వస్తది.”

“నాకు ముందే వస్తది సార్. పెట్టెను బాగు చేయించిన.”

ఆయనకు అర్థం కాలేదు. ఆర్డరు తీసుకున్నట్టు నేను సంతకం పెట్టాలి. నా కలం వణకడం చూసి, పాపమనుకున్నాడేమో, నా చేతిని పట్టుకుని తానే రాయించబోయాడు.

“చెయ్యి తీయుండ్రి సార్,” అన్నాను.